ఒక దినము – అయిదు క్షేత్రములు



పూర్వము మన పెద్దలు యాత్రకు బయలుదేరునపుడు అప్పులు తీర్చి, ఇంటివారికి అప్పగింతలు చెప్పి, పొలము నొకరికి ఒప్పగించి మరి పోయెడివారు. తిరిగివచ్చుట దైవాధీనము. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన మద్రాసునుండి కాశికి పయనమైన ఏనుగుల వీరాస్వామయ్యగారు మరల ఇల్లు చేరునప్పటికి 1831 సెప్టెంబరు నెల వచ్చినది. పదునైదు మాసములకు పైగా పట్టినది. పోవునపుడు హైదరాబాదు, నాగపురముల మీదుగా పోయి, వచ్చునపుడు గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా మన తీరపు దారినే దక్షిణమునకు మరలిరి. ప్రతి మజిలీలోను నీరెట్టిది, ఏ సరకు దొరకును, దిగుటకు చోటు కలదా లేదా యని వ్రాసికొనిన మహానుభావుడాయన. గుడులకంటె నీళ్ళను గూర్చియే ఈయన ఎక్కువగా పట్టించుకొనినాడని నా విద్యార్థి యొకడు పాఠము నడుమ నవ్వినాడు. ఆ బాలుడు అప్పటికి కుటుంబముతో యాత్ర చేసి యెరుగడు.

నేడు నేను చెప్పబోవునది పదునైదు మాసముల యాత్ర కాదు. ఒక్క దినపు తిరుగుడు. దానికి తోక వలె మరునాటి ఉదయము. కాశి వరకు పోలేదు. విజయనగరమునుండి శ్రీకాకుళము వరకు, అనగా సుమారు 70 కిలోమీటర్లు, దానికవతల సముద్రపుటొడ్డు వరకు మాత్రమే పోయితిమి.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. పనిమీద చీనా దేశమునకు పోయి మూడు వారములుండి వచ్చినవాడు. అచట ఒక సెలవు దినమున తెల్లవారుజామున లేచి మహాకుడ్యమును, బీజింగు నగరములోని పురాతన రాజప్రాసాదమును చూచి, రాత్రి భోజనమునకు బస చేరితినని తరచు చెప్పును. అచట వాడొంటరి. ఆ లెక్కనే మన జిల్లాకు వర్తింపజేసి, దసరా సెలవులకు ముందు ఇంటికి వచ్చుచు ఒక కాగితము వ్రాసి తెచ్చినాడు. అరసవల్లి ఉదయము 5-45. శ్రీకూర్మము 8-00. శాలిహుండము 10-30. కళింగపట్నము 12-30. శ్రీముఖలింగము 4-00. విజయనగరము రాత్రి 9-00. ఆ కాగితమున అన్నము తినుటకు వేళ లేదు. ఏడుగురిలో ఒకరు డెబ్బది యెనిమిదేండ్ల వృద్ధురాలనియు, ఒకడు ఏడేండ్ల బాలుడనియు దానిలో ఎచటను లేదు.

ఆ వృద్ధురాలు మా అప్ప. మన ప్రాంతమున అక్కగారిని అప్ప యనుట మీ రెరిగినదే. ఆమె కోసమే ఈ పయనము. తక్కిన నాలుగు స్థలములు మా అబ్బాయి ఉత్సాహముచే చేరినవి.

అప్పకు నీటికాసులను నేత్రవ్యాధి కలదు. కంటిలోని ఒత్తిడి హెచ్చి, చూపును మెదడునకు చేర్చు నరమును మెల్లమెల్లగా చెరచు వ్యాధి యిది. నొప్పి సాధారణముగా నుండదు. చూపు అంచులనుండి లోపలికి తరుగుచు వచ్చును గనుక చాలకాలము వరకు రోగికే తెలియదు. అప్ప మాటలలో చెప్పవలెనన్న, వెదురుబొంగు గుండా లోకమును చూచినట్లుండును. పోయిన చూపు మరల రాదు. మిగిలినదానిని నిలుపుకొనుటకు వేళ తప్పక చుక్కలు వేసికొనవలెను. నలువది దాటిన వారెల్లరు, అందు ముఖ్యముగా ఇంటిలో ఎవరికేని ఈ వ్యాధి యున్నవారు, చత్వారపు అద్దములకు పోయినప్పుడే కంటి ఒత్తిడిని కూడ కొలిపించుకొనుట మేలని వైద్యులు చెప్పుదురు. నేనును కొలిపించుకొంటిని.

అరసవల్లి సూర్యనారాయణస్వామి నేత్రరోగములను పోగొట్టునని మన దేశమున తరతరముల విశ్వాసము. మా వీధిలోని వారు కొందరు, మ్రొక్కు మ్రొక్కినవారు మందు మానవలెనని అప్పతో చెప్పిరి. ఆమె మానలేదు. "చుక్కలు చుక్కలే, స్వామి స్వామియే. నేను అడగడానికి పోవడము లేదురా తమ్ముడూ. డెబ్బది యేండ్లు చూపించినాడు. కన్నులున్నప్పుడే ఒకసారి కనబడి వత్తును" అనెను. చిన్ననాడు మా తండ్రిగారు ఆమెను భుజముపై నెక్కించుకొని స్వామిపాదములపై కిరణములు పడుట చూపినారట. ఆ దృశ్యమును మరల చూడవలెనని ఆమె కోరిక.

ఆ కిరణముల సంగతి వినుడు. యేటికి రెండు పర్యాయములు, మార్చి రెండవ వారమునను, అక్టోబరు మొదటి రెండు దినములందును, ఉదయభానుని కిరణములు ముఖద్వారముగుండ గర్భాలయమునకు పోయి మూలవిరాట్టును పాదములనుండి తాకును. ఇందు గణితము కలదు. సెప్టెంబరు 23 ప్రాంతమున సూర్యుడు సరిగా తూర్పున ఉదయించును. దక్షిణమునకు జరుగుచు పది దినములలో కొంచెము ఆగ్నేయముగా వచ్చును. మరల ఉత్తరమునకు వచ్చునపుడు మార్చి విషువత్తునకు సుమారు పది దినముల ముందు ఆ చోటనే ఉదయించును. గుడి ద్వారమును ఆ చోటికి గురిపెట్టి కట్టినవానికి శాస్త్రమును తెలియును, సూత్రము పట్టుటయు తెలియును. కళింగమునేలిన గాంగరాజు దేవేంద్రవర్మ ఈ ఆలయమును కట్టించెనని ప్రతీతి.

అక్టోబరు ఒకటవ తేదీన తెల్లవారుజామున మూడు గంటలకు అద్దె వాహనములో బయలుదేరితిమి. నేను, నా సహధర్మచారిణి, అప్ప, అబ్బాయి, కోడలు, పదుమూడేండ్ల మనుమరాలు, ఏడేండ్ల మనుమడు. వాహనము నడపువాడు ఇరువదియైదేండ్ల యువకుడు, సౌమ్యుడు, పాటలు వినుటయందు ఆసక్తి కలవాడు.

నాతవలస కూడలిలో జాతీయ రహదారి నెక్కునప్పటికి మనుమరాలు తన చరవాణిలో శ్రీకాకుళము గుడి విశేషములు వెదకి అందరికి చదివి వినిపింప మొదలిడినది. స్వామి పేరు ఆంధ్రమహావిష్ణువనియు, శ్రీకృష్ణదేవరాయలు అచట విడిసి స్వప్నమున స్వామిదర్శనము చేసి ఆముక్తమాల్యదను రచింప పూనెననియు, గుడి కృష్ణానదీతీరమున నున్నదనియు చదువుచుండగా అప్ప నిద్రనుండి మేలుకొని, "అదేమే, మన నాగావళిని ఎవరెత్తుకొని పోయినారు?" అని అడిగినది. అది కృష్ణా జిల్లా ఘంటసాల మండలములోని శ్రీకాకుళము. పేరొకటియైనను ఊరు వేరు. వాహనమువాడు ఆ మాట విని బెదరి, తన యంత్రము చూపు దారి ఏ శ్రీకాకుళమునకని దారి ప్రక్కన బండి నాపి సరిచూచుకొనెను. దారి మనదే. అయినను ఆ పరీక్షలో పది నిమిషములు పోయినవి. రైలులో వచ్చువారికిని ఇట్టి చిక్కొకటి యున్నది. శ్రీకాకుళము రోడ్ అను స్టేషను ఆమదాలవలసలో నున్నది. దిగినవారు పట్టణమునకు ఇంకను పదిమైళ్ళకు తక్కువగా పోవలెను. మా వియ్యంకుడొకమారు స్టేషనులో దిగి, అరసవల్లి గోపురమెచటనని నలుదిక్కులు చూచినాడు.

రణస్థలము చేరకముందే వెనుక చక్రము పగిలినది. చీకటి. లారీలు మమ్ము రాచుకొని పోవుచున్నవి. మారు చక్రమును దింపి చూడగా దానియందు గాలి లేదు. యజమాని బండి యిచ్చునపుడు అన్నియు సరిగా నున్నవని చెప్పియుండెనని ఆ యువకుడు కన్నీరు పెట్టుకొనునంత పని చేసినాడు. అబ్బాయి కాగితము చూచుకొనును, గడియారము చూచుకొనును, ఆకాశము చూచును. మనుమడు మాత్రము ఇట్టి ఆనందము తన జన్మలో లేదన్నట్లు చక్రము చుట్టు తిరుగుచుండెను. అబ్బాయియు వాహనమువాడును ఆ చక్రమును దొర్లించుకొనుచు కిలోమీటరు నడిచి, ఒక పంక్చరు కొట్టువానిని నిద్ర లేపి, గాలి కొట్టించి, మరల దొర్లించుకొని వచ్చిరి. కొట్టువాడు విసుగుకొనలేదు. ముఖము కడిగికొని పని చేసి, ఆ రోజు ఎచటికని అడిగి, "అయ్యో, కిరణాలు దాటిపోతాయి బాబూ" యని తానే వారిని తొందరపెట్టినాడట.

అరసవల్లి చేరునప్పటికి ఆరు గంటల ఏబది నిమిషములు. కిరణముల వేళ యెప్పుడో గడచినది. కాని వీధిలో ఎదురువచ్చువారి ముఖములు చూచితిమిగదా, అందరివి వాడియున్నవి. ఆ ఉదయమున తూర్పున మబ్బు క్రమ్మినది. రాత్రి రెండు గంటలనుండి నిలుచున్నవారికిని కిరణములు కనబడలేదు. ఆశ్వయుజమాసమున మన తీరమునకు ఇది క్రొత్త కాదు. బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టు కాలము. ఈ మాట విన్నంతట మా వాహనమువానికి ప్రాణము లేచి వచ్చినది. తనవలన ఏమియు పోలేదని వాని సంతోషము. అప్ప వాని వీపు నిమిరి, "సూర్యుడే రానప్పుడు నీవేమి చేతువు నాయనా" అన్నది.

వరుసలో రెండు గంటలు నిలిచితిమి. అప్పకు కూర్చుండుటకు చోటు చూడగలిగితిమిగాని, లోపలికి పోవునప్పుడు అందరివలెనే నడువవలసి వచ్చినది. స్వామి యెదుట నిలిచినది నాలుగు క్షణములు. బొంగుగుండా చూచువారికి నాలుగు క్షణములలో ఎదుటనున్నదానిని వెదకి పట్టుకొనుటయే కష్టము. బయటికి వచ్చిన తరువాత, "చూచితివా అప్పా?" అని అడిగితిని. "హారతి కనబడినదిరా. హారతి వెనుక నల్లగా ఏదో ఉన్నది. ఆయనే అయి యుండును" అనెను. ఆమె నవ్వుచునే చెప్పినది. నా సహధర్మచారిణి మాత్రము పుష్కరిణి వైపు తిరిగి కొంగుతో కన్నులొత్తుకొనినది.

అప్పటికి తొమ్మిది దాటినది. కాగితము ప్రకారము శ్రీకూర్మము కూడ ముగియవలసిన వేళ. ఉపాహారమునకై తెచ్చిన పులిహోర కారియరు, చక్రము దింపునప్పుడు తలక్రిందై, మనుమరాలి క్రొత్త పరికిణీని పావనము చేసినది. ఆ భాగమును విపులముగా చెప్పను. ఫలహారశాలలో ఇడ్డెనలు తిని శ్రీకూర్మమునకు పోయితిమి. పట్టణమునుండి సుమారు 13 కిలోమీటర్లు.

శ్రీకూర్మమును గూర్చి రెండు మాటలు చెప్పక తీరదు. మా తరువాతి కష్టమంతయు దానిలోనే యున్నది. విష్ణువు కూర్మరూపమున పూజలందు ప్రసిద్ధక్షేత్రమిది. స్వామి పడమటి ముఖముగా నుండును. అందుచే ఈ ఆలయమునకు ధ్వజస్తంభములు రెండు: తూర్పున నొకటి, పడమట నొకటి. స్తంభములపై శాసనములు మిక్కిలిగా నున్నవి. పదునొకండవ శతాబ్దినుండి వచ్చినవారెల్లరు అచట తమ దానములను చెక్కించిరి. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులు కళింగమున రాజ్యభారమును వహించియున్నపుడు వేయించిన 1281వ సంవత్సరపు శాసనము వానిలో నొకటి. మనమిచట దీపమునకిన్ని ఆవులు, దీపమునకింత నేయి యని చదువుచు పోయినచో ఏడువందలయేండ్ల క్రిందటి పాడిపంటల లెక్క యంతయు కనబడును. ఊరి చరిత్ర వ్రాయగోరు వారికి ఇంతకు మించిన కరణము లేడు.

చరవాణులను వాహనములోనే విడిచి లోపలికి పోయితిమి. గుంపు కలదు. అందువలన మా అబ్బాయి ద్వారముకడ నిలిచి సేనాపతివలె ఆజ్ఞ యిచ్చినాడు: "ఎవరైనా తప్పిపోతే ధ్వజస్తంభము దగ్గరికి రండి."

దర్శనమైన కొంతసేపటికి మనుమడు కనబడలేదు. కోడలు, నా సహధర్మచారిణి ధ్వజస్తంభముకడకు పోయి నిలిచిరి. అబ్బాయియు మనుమరాలును ధ్వజస్తంభముకడకు పోయి నిలిచిరి. మొదటివారిది తూర్పుది, రెండవవారిది పడమటిది. తూర్పువారు పిల్లవానితో పాటు తండ్రియు అక్కయు కూడ తప్పిపోయిరనుకొనిరి. పడమటివారు తల్లియు నాయనమ్మయు తప్పిపోయిరనుకొనిరి. కొంతసేపటికి రెండు పక్షములకును ఓపిక నశించి, ఒకరు ప్రదక్షిణముగా, ఒకరును ప్రదక్షిణముగానే, ఒకరి వెనుక నొకరు గుడిచుట్టు తిరుగనారంభించిరి. గుడిలో అప్రదక్షిణముగా ఎవరు తిరుగుదురు? అందుచే ఎదురుపడుట సంభవింపలేదు. నేను అప్పను విడిచి పోరాదు గనుక మండపమునందే ఆమె చేయి పట్టుకొని నిలిచియుంటిని. కోడలు మా ముందునుండి మూడుమారులు పోయినది. మూడవమారు ఆమెకు మాట రాలేదు. నవ్వువారు నవ్వుదురుగాక, ఏడేండ్ల పిల్లవాడు, బయట పుష్కరిణి యున్నది. ఆ అరగంటలో నేను జపించిన నామమేదో నాకే తెలియదు.

పూలమ్ము ముసలిది మమ్ము చూచి, "ఏటి బాబూ, గుంటడికోసమేనా? తాబేళ్ళకాడ కూకున్నాడు" అని చెప్పినది. ఆలయప్రాంగణమున నక్షత్రపు తాబేళ్ళను పెంచుచున్నారు. వీపున పసుపుపచ్చని చుక్కల గీతలుండును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడు జాతి. వాడు కంచెకు ముఖమానించి, ఒక తాబేలు ఆకు నొకదానిని తినుట మొదటినుండి చివరి వరకు చూచుచు కూర్చుండెను. అది ముగియువరకు ఎట్లు లేతునని వాని ప్రశ్న. తల్లి వానిని కొట్టి, వెంటనే ఎత్తుకొని యేడ్చినది. ఆనాడు ఆ క్షేత్రమును నిదానముగా చూచినవాడు వాడొక్కడే యని నా నమ్మకము.

ఈ కలవరమున ఇంకొకటి జరిగినది. మండపమున అప్ప నా చేయి విడిచి ఆనుకొనిన స్తంభమును తడిమినది. ఆమెకు మా తండ్రిగారు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించినారు. ఆ అలవాటు ఆమె వ్రేళ్ళలో ఇంకను ఉన్నది. శాసనముపై వ్రేలు పోనిచ్చి, ఆగి, మరల పోనిచ్చి, "ఇది శ్రీకారమేనా తమ్ముడూ?" అనెను. నేను వంగి చూచితిని. ఆనాటి లిపి నేటిదానికి కొంచెము భిన్నము. అయినను అది శ్రీకారమే. "అవును" అంటిని. "ఎన్నాళ్ళ క్రిందటిది?" "ఏడువందలయేండ్లు దాటియుండవచ్చును." ఆమె మరల ఆ యక్షరముపై వ్రేలు దిద్దినది. శిలాశాసనములను తాకి అరుగదీయరాదని నేను నా విద్యార్థులకు ఏండ్లతరబడి బోధించినవాడను. ఆనాడు నోరు మెదపలేదు.

మధ్యాహ్నము ఒంటిగంటకు గార దాటినంతట బాలునికి ఆకలి, తక్కినవారికి నీరసము. భోజనశాల కనబడలేదు. దారి ప్రక్క యింటి అరుగుపైనున్న యొక వృద్ధురాలు, "ఎండ నేదు గానీ ఆకలేస్తాది కదేటి? అంబలుంది, తాగండి" అని లోపలికి పిలిచినది. చోడి అంబలి, పచ్చి ఉల్లి, ఊరమిరప. హైదరాబాదు కోడలు రెండు చెంబులు త్రాగినది. వెల యిచ్చుటకు అబ్బాయి చేయి జేబులో పెట్టగా ఆ యమ్మ ముఖము మారినది. అప్ప అది చూడలేదు, కాని వినినదేమో, "చేయి తీయరా" యని గద్దించి, తన సంచిలోని అరసవల్లి ప్రసాదము ఆమె చేతిలో పెట్టినది. వీరాస్వామయ్యగారు నీటిని గూర్చి ఎందులకు వ్రాసినారో అచట నాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

శాలిహుండము వంశధార దక్షిణపుటొడ్డున నున్న కొండ. బౌద్ధ స్తూపములు, చైత్యములు, విహారముల శిథిలములు మెట్లుమెట్లుగా పైవరకు నున్నవి. లోకమునకు దీని జాడ తెలిపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు, 1919లో. ముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆ మహనీయుని పేరు వాడుక భాషా వాదమునకే ముడివడినది. నా యీ భాషను వినినచో ఆయన నాలుగు చీవాట్లు పెట్టియుండును; నేను వినమ్రుడనై పడియుందును, మరల ఇట్లే మాట్లాడియుందును. అది వేరు సంగతి. సవర భాషను నేర్చి, శాసనలిపులను తనంత తాను చదువనేర్చి, శ్రీముఖలింగమే ప్రాచీన కళింగనగరమని నిరూపించుటకు పూనిన పండితుడాయన.

అప్పయు నా భార్యయు క్రిందనే వాహనములో నుండిరి. మేము అయిదుగురము ఎక్కుచుండగా సగము దారిలో వాన పట్టినది. కోడలి చెప్పు తెగినది. గొడుగు క్రిందనున్నది. పై చదును చేరి, ఇటుక కట్టడపు ప్రక్కన నిలిచి తడిసితిమి. చక్రాకారముగా, ఆకులతో సహా ఇటుకలు పేర్చిన స్తూపపు పునాది యది. వాన నీరు గదులు గదులుగా నిలిచి చక్కగా కనబడినది. ఎండలో వచ్చినవారికి ఆ సొగసు దొరకదు. దిగువ వంశధార, ఆవల బూడిదరంగున సముద్రము.

మనుమరాలు, "తాతయ్యా, చీనా యాత్రికుడు మన దేశము వచ్చినాడని పాఠములో ఉన్నది కదా" అని యడిగెను. ఏడవ శతాబ్దిలో హ్యుయాన్ త్సాంగ్ కళింగమును చూచి వ్రాసిన సంగతి చెప్పితిని. పూర్వము కళింగమున జనులు భుజము భుజము రాచుకొనునంతగా నుండిరనియు, రథముల ఇరుసులు ఒరసికొనెడివనియు, ఒక ఋషికి అవమానము జరుగగా ఆయన శాపముచే దేశము జనశూన్యమయ్యెననియు ఆయన వినినాడు. ఇచటి అడవి ఏనుగులను మెచ్చుకొనినాడు. దాదాపు పదునారేండ్లు తిరిగి 645లో స్వదేశము చేరినాడు. దారిలో పడిన పాట్లు తక్కువ కాదు. గంగపై దొంగలు ఆయనను పట్టుకొని దుర్గకు బలియిత్తుమని కూర్చుండబెట్టిరి. మరలిపోవుచు సింధునదిని దాటునపుడు పడవ ఊగి, ఏబది గ్రంథములును, కోరి తీసికొనిపోవు పూలవిత్తనములును నీటిపాలైనవి. గ్రంథములకు మారుప్రతులు తెప్పించుకొనుటకై ఆయన కొంతకాలము ఆగిపోవలసి వచ్చినది.

ఒంటికాలి చెప్పుతో నిలిచియున్న కోడలు, "ఆయనకు పిల్లలు లేరు కదా మామయ్యగారూ, ఉంటే పుస్తకములు గట్టు దాటకముందే పోయి యుండును" అన్నది. ఉదయమునుండి ఆమె నవ్వినది అప్పుడే.

కళింగపట్నమున దీపస్తంభము, ఇసుక, వంశధార సముద్రములో కలియు చోటు. ఒకనాడు ఓడలు ఆగిన రేవు. మనుమడు అలలు కావలెనని పట్టుబట్టగా వాహనమువాడు దారి విడిచి పది బారలు ముందుకు పోనిచ్చినాడు. వెనుక చక్రములు ఇరుసు వరకు దిగినవి. ఎంత త్రిప్పిన అంత లోతు. బరువు తగ్గించుటకు మమ్ము, సామానును దింపిరి. సంధ్య క్రమ్ముచుండగా వలలు సవరించుకొనుచున్న మత్స్యకారులు పదిమంది వచ్చి, చక్రముల క్రింద పలకలు పెట్టి, పాట పాడుచు ఒక్క ఊపున ఎత్తి గట్టిమీద పెట్టిరి.

సామాను మరల సర్దుచుండగా అప్ప చుక్కలమందు సీసా కనబడలేదు. రాత్రి యెనిమిది గంటలకు చుక్క వేయవలెను. చరవాణుల వెలుగులో అందరము ఇసుకలో మోకాళ్ళపై ప్రాకితిమి. మత్స్యకారుల పిల్లలును వెదకిరి. వ్రేలంత సీసా, సముద్రపు ఇసుక. ఏడు గంటల వేళ మాని బయలుదేరితిమి. ఆ ప్రయాణమున ఎవరును మాట్లాడలేదు. చక్రము పగులుట, గుడిలో తప్పిపోవుట, వానలో తడియుట వేరు, ఇది వేరు. ఆమెకు మిగిలినది చిటికెడు చూపు. దానిని నిలుపునది ఆ చుక్కలు. ఒక్కపూటతో ప్రళయము రాదని వైద్యుడు తరువాత చెప్పెను గాని, ఆనాటి రాత్రి ఆ మాట మాకు తెలియదు.

శ్రీకాకుళమున మొదటి మందులకొట్టులో ఆ మందు లేదు. రెండవదానిలో వైద్యుని చీటీ లేక ఇవ్వమనిరి. చీటీ విజయనగరమున గూటిలో నున్నది. అప్పుడు మనుమరాలు, ఉదయము అపహాస్యము పాలైన ఆ చరవాణినే తీసి, ఎప్పుడో తాను తీసియుంచిన ఆ చీటీ ప్రతిబింబమును చూపినది. ఎనిమిది గంటల నలువది నిమిషములకు, దుకాణపు బల్లపై అప్పను వెల్లకిలా కూర్చుండబెట్టి, నా భార్య చుక్కలు వేసినది.

ముఖలింగము చూడలేదు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు ఒక దినమంతయు నిలిచి చూడదగినవి. చీకటిలో టార్చి వేసి చూచునవి కావు. అబ్బాయి కాగితమును మడిచి నా చేతికిచ్చినాడు. తెల్లవారుజామున మూడింటినుండి బండి నడుపుచున్న ఆ యువకుని చేత రాత్రి రహదారిపై మరల నడిపించుటకు నేనొప్పుకొనలేదు. సత్రమున రెండు గదులు దొరకినవి.

రెండవ తేదీన తెల్లవారుజామున మూడు గంటలకే అప్ప స్నానము చేసి కూర్చుండెను. ఆమె ఎవరిని పిలువలేదు. అబ్బాయి తానై లేచి, "అత్తా, పద" అన్నాడు. నేనును మనుమడును వెంట పోయితిమి. తక్కినవారిని లేపలేదు. ఈమారు వరుసలో ముందే చోటు దొరకినది. ఎదుటివారు అప్ప పరిస్థితి తెలిసికొని స్వామికి సూటిగా నిలువనిచ్చిరి. తూర్పున చీకటి పలుచబడినది. ఆరు గంటలైనది. ఆరుంబావు దాటినది. వందలాది జనులు ఊపిరి బిగబట్టి ద్వారము వైపు చూచుచున్నారు. మబ్బు విడువలేదు.

మనుమడు, "సూర్యుడు ఏడి మామ్మా?" అన్నాడు.

అప్ప కొంచెము ఆలోచించి, "ఆయన రథమునకు ఉన్నది ఒకటే చక్రము నాయనా. పైగా తోలువానికి కాళ్ళు లేవు. అది పగిలినట్లున్నది. మారు చక్రము ఎచట తెచ్చును పాపము!" అనెను.

చుట్టునున్నవారు నవ్విరి. అర్చకులు హారతి నెత్తిరి. ఈమారు ఎవరును తొందరపెట్టలేదు. ఆమె మెడ కొంచెము ఎడమకు, కొంచెము కుడికి త్రిప్పుచు, బొంగుకొనను కుదుర్చుకొనినట్లు నిలిచినది. చాలసేపు అట్లే చూచినది. ఈమారు ఏమి కనబడినదని నేనడుగలేదు.

దారిలో రణస్థలముకడ ఆ పంక్చరు కొట్టు ముందు బండి నాపి, మారు చక్రమునకు గాలి మరల సరిచూపించి, కొట్టువానికి ప్రసాదమిచ్చితిమి. తొమ్మిదిన్నరకు విజయనగరము చేరితిమి.